దుకాణం ముందటి జవాను

శివకృష్ణ తొమ్మిదో వర్ధంతి నాడు, పొద్దున పదిన్నరకు, రెండు వందల మంది చూస్తుండంగ నేను బంతిపూల దండ తీసుకపోయి బట్టల దుకాణం బొమ్మ మెడల వేసిన. వేసి రెండడుగులు వెనుకకు జరిగి, మడమలు కలిపి సెల్యూట్ కొట్టిన. మైకు పట్టుకున్నాయన "జోహార్" అనబోయి సగంల ఆగిపోయిండు. కండ్లద్దాలు స్కూటర్ డిక్కీల మరిచిన సంగతి నాకు అప్పుడు యాదికొచ్చింది.

ఇందుల నా తప్పు ఎంతో మీరే చెప్పుండ్రి. మా ఎక్స్ రోడ్డు కాడ ఒక గద్దె, గద్దె మీద తుపాకి పట్టుకున్న శివకృష్ణ సిమెంటు విగ్రహం ఉన్నయి. దానికి నాలుగడుగుల దూరంల, దామోదర్ దుకాణం వాళ్లు ఏడాదికి ఆ ఒక్కనాడు షోరూం అద్దం లోపలినుంచి తెచ్చి నిలబెట్టే బొమ్మ. విగ్రహానికి కొట్టింది బీరువాలకు కొట్టే వెండి రంగు. బొమ్మకు తొడిగింది అసలు సిసలైన మిలిటరీ డ్రెస్సు. అద్దాలు లేనోడు ఇద్దర్ల ఎవరిని జవాను అనుకుంటడు?

పిల్లలు నవ్విండ్రు. పెద్దలు మర్యాద కోసం దగ్గిండ్రు. నవ్వనిది ఒక్క బీరమ్మనే, శివకృష్ణ తల్లి. ఆమె కుర్చీల నుంచి లేచి వచ్చి, బొమ్మ మెడల దండ తీసి కొడుకు విగ్రహానికి వేసింది. వేసి కూర్చుంటదనుకున్నం. కూర్చోలేదు. మళ్ల బొమ్మ దగ్గరికే వచ్చి, అంగి ఎడమ జేబు మీద వేలు పెట్టింది. ఆ వేలు చానసేపు అక్కన్నే ఉన్నది.

నా సెల్యూట్ సంగతి ఊరు ఇంక మరువలేదు, మరువదు. నేను చెప్పాల్సింది ఆ వేలు సంగతి.

బీరమ్మకు అరవై దాటినయి. దేవరకొండ గుట్ట కనబడేంత దూరంల మా ఊరు, ఊరి అవతల ఒక చిన్న గుట్ట మీద ఆమె గొర్లమంద. మొగడు ఐలేశం తక్కువ మాట్లాడుతడు, మాట్లాడినా ఎక్కువ గొర్లతోనే. మందల ఎనభై జీవాలుంటే ఎనభైటి మొకాలు బీరమ్మకు ఎరుకే. సంతల అమ్ముడుపోయిన పొట్టేలు మూడు నెలల తర్వాత ఇంకో ఊరి మందల కనబడితే, "ఏరా, బక్కగైనవ్" అని పలకరించిన మనిషి.

ఒక్కడే కొడుకు. ఏడో తరగతిల నా దగ్గర చదివిండు. గొర్ల వెంట ఉత్త కాళ్లతోని ఉరికిన అలవాటు, మిలిటరీ భర్తీల పరుగు పందెం వానికి ఆట లెక్క అయింది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, మాఘమాసంల, సరిహద్దుల మంచుకొండ కూలింది. వాని మీద కూలింది.

పెట్టె వచ్చింది. మూత తెరవద్దని ఆఫీసరు చేతులు జోడించి చెప్పిండు. మొకం ఒక్కటి చూపించుమని బీరమ్మ అడిగింది. ఆయన మళ్ల చేతులు జోడించిండు, అంతే. జెండా కప్పిండ్రు, తుపాకులు పేల్చిండ్రు. ఆ చప్పుడుకు గుట్ట మీద మంద చెదిరింది. ఏడుస్తున్న బీరమ్మ ఏడుపు మధ్యన తలెత్తి "జీవాలను మలుపుండ్రి" అన్నది. పెట్టెను పెట్టెతోనే పూడ్చినం.

పెట్టెల ఉన్నది తన కొడుకే అని ఆమె నెలరోజులదాక నమ్మలేదు. తర్వాత వాని ట్రంకుపెట్టె వచ్చింది. అందుల మడత పెట్టిన మిలిటరీ డ్రెస్సు, అంగి ఎడమ జేబు చినిగితే నల్లదారంతోని వేసిన కుట్టు. రెండు పోట్లు ముందుకు, ఒక పోటు వెనుకకు. గొంగడి అంచు చినిగితే కుట్టే కుట్టు అది, ఐలేశం నేర్పిచ్చిండు. ఇంకెవరూ మిలిటరీ అంగి జేబును గట్ల కుట్టరు. అది చూసినాక బీరమ్మ పోయినోడు తనోడే అని ఒప్పుకున్నది. ఒప్పుకొని అప్పుడు సరిగ్గ ఏడ్చింది.

మాకు పోయినోళ్ల దినం నాడు పిట్టకు పెట్టుడు ఉంటది. వాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిల పెట్టి, దూరం జరిగి చూస్తం. కాకి వచ్చి ముట్టిందంటే పోయినోడు కడుపునిండ తిన్నట్టు. ముట్టకపోతే మనసుల ఏదో మిగిలిందన్నట్టు. అప్పుడు ఒక్కొక్కరు ముందుకొచ్చి, నీ పని నేను చూసుకుంట అని మాట ఇయ్యాలె. పిట్ట ముట్టేదాక ఇంటోళ్లు మెతుకు ముట్టరు. మొదటి రెండేండ్లు బీరమ్మ గొర్లదొడ్డి కాడ గుట్ట మీద పెట్టింది. రెండేండ్లూ అన్నం చల్లారకముందే పిట్ట దిగింది.

మూడో ఏడు దామోదర్ వచ్చిండు.

దామోదర్ చెడ్డోడు కాదు. శివకృష్ణ కంటే రెండు తరగతులు ముందు, వాడు కూడ నా దగ్గరనే చదివిండు. ఎక్స్ రోడ్డు కాడ తన బట్టల దుకాణం ముందటి జాగా విగ్రహానికి ఊకెనే ఇచ్చిండు. విగ్రహం చేయించిండు, షామియానా, కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు అన్నీ వానియే. తర్వాత ఫ్లెక్సీ కట్టిండు. ఫ్లెక్సీల పైన శివకృష్ణ, కింద దామోదర్, ఇద్దరి నడుమ "అమరవీరుని స్మరణలో రెండు కొంటే ఒకటి ఉచితం". మాఘమాసం పెండ్లిళ్ల గిరాకీ, వర్ధంతి కూడ మాఘంలనే పడ్డది. ఆ వాక్యంల అచ్చుతప్పు దిద్దింది నేనే. "స్మరణ"కు ఒత్తు పోయిందని దిద్ది, మిగిలింది బాగనే ఉన్నదన్న.

శివన్న డ్రెస్సు ట్రంకుల పురుగులు కొడుతది, అద్దాల పెట్టెల భద్రంగ పెడుత, వచ్చినోళ్లు దండం పెట్టుకుంటరని దామోదర్ అడిగితే బీరమ్మ ఇచ్చింది. అద్దాల పెట్టె అంటే షోరూం అద్దం. డ్రెస్సును బొమ్మకు తొడిగిండు. పట్నం నుంచి తెచ్చిన బొమ్మ, గులాబి రంగు మొకం, నీలి కండ్లు. మా శివకృష్ణ ఏమో మా బడిల అందరికంటే నల్లన.

పిట్టకు పెట్టుడు కూడ గద్దె కాడికే వచ్చింది, ఫోటోలు మంచిగొస్తయని. ఆ ఏడు పిట్ట దిగలేదు. దిగకపోతే మాట ఇయ్యాలె గదా. సర్పంచి మైకు అందుకొని గుట్టదాక బాట వేయిస్తనన్నడు. దిగలేదు. మేనమామ గుడికి పొట్టేలు ఇస్తనన్నడు. దిగలేదు. అందరూ నా దిక్కు చూసిండ్రు. నేను లేచి, "శివకృష్ణా, ఏడో తరగతిల నా పెన్ను పోయిందని నిన్ను చెంప మీద కొట్టిన. ఆ పెన్ను తెల్లారి నా సంచిలనే దొరికింది. చెప్పలేదు" అని మైకుల ఒప్పుకున్న. ముందటి వరుసల మా హెడ్మాస్టర్ ఉన్నడు, ఆయన దిక్కు చూడకుండ కూర్చున్న. పిట్ట దిగలేదు. ఆఖరుకు దామోదర్ మైకు తీసుకొని గొంతు బొంగురుపోయేటట్టు, "శివన్నా, నీ మీద ఒట్టు, ఇంకో పది పర్సెంట్ తగ్గిస్త" అన్నడు.

వాడు మనస్ఫూర్తిగనే అన్నడు. జనం చప్పట్లు కొట్టిండ్రు.

అప్పటిసంది ఏటా అదే వరుస. పిట్ట దిగదు, మేము మాటలిస్తం. ఒక ఏడు కాకికి వినబడుతలేదేమో అని సౌండు పెంచినం. మధ్యాహ్నం రెండు దాటినాక ఎవరో విస్తరి తీసి ఆవుకు పెడుతరు. బీరమ్మ ఆ ఏటి ఆఫరు మొదలుపెట్టనీకి దుకాణానికి కట్టిన రిబ్బను కత్తిరించి, ఉత్త కడుపుతోని ఇంటికి పోతది. కొడుక్కు ఏదో మిగిలిపోయిందని ఊరంత గుసగుస. ఒకామె పెండ్లి అంటది, ఒకాయన జాగా అంటడు. పోయినోడు చెప్పడు.

ఇంక వేలు కాడికి వస్త. తొమ్మిదో వర్ధంతి నాడు, దండ తీసినాక, బీరమ్మ వేలు ఆగింది ఆ నల్లదారం కుట్టు మీదనే. ఏండ్లసంది అద్దం అవతల ఉన్న కుట్టు, అంత దగ్గరికి పోయే పని పడలేదు. నా తప్పే ఆమెను అక్కడికి తెచ్చింది. నేను సిగ్గుతోని పక్కనే నిలబడి ఉన్న. ఆమె బొమ్మను కిందికెళ్లి మీదికి చూసి నాకు మాత్రమే వినబడేటట్టు అన్నది.

"సారూ, జొన్నచేన్ల పిట్టల బెదిరియ్యనీకి మేం గిట్లనే నిలవెడుతం గదా."

నేను విస్తరి దిక్కు చూసిన. ఆ బొమ్మకు సరిగ్గ ముందట ఉన్నది. ఏడేండ్లసంది అక్కన్నే ఉంటున్నది. మా ఊర్ల వ్యవసాయం చెయ్యని ఇల్లు లేదు, ఎవ్వరికీ తోచలేదు.

అప్పటికప్పుడు ఆమె ఏం చెయ్యలేదు. రిబ్బను కత్తిరించింది, పోయింది. వారం తర్వాత బడికి వచ్చి వరండాల కూర్చున్నది. అటువంటి మనిషి బడికి వస్తే ఏదో కాయితం పని అనుకున్న. కాయితం కాదు.

"సారూ, నా కొడుకు మొకం మతికొస్తలేదు" అన్నది. "కండ్లు మూస్తే ఆ బొమ్మ మొకమే వస్తాంది. మందల నిలవడ్డా, అన్నం దగ్గర కూసున్నా, ఆ నీలికండ్లేసుకొని అవ్వా అంటాంది. ఆ మొకం ఏం తింటది, దానికి ఏం పెట్టాలె?"

ఎనభై గొర్ల మొకాలు ఎరుకైన మనిషి అడిగిన ప్రశ్న. పాత బడి గ్రూపు ఫోటో వెతికిన, ఆ వరుసల చెద తిన్నది. మిలిటరీ వాళ్ల ఫోటోల టోపి నీడ కండ్లదాక పడ్డది. ఫ్లెక్సీల మీద దామోదర్ మనుషులు ఏటా కొంచెం తెల్లగ చేసుకుంట చేసుకుంట వచ్చిండ్రు. చివరి రెండేండ్ల ఫ్లెక్సీల శివకృష్ణ అచ్చం ఆ బొమ్మ లెక్కనే ఉన్నడు.

ఆ ఏడాదంత దేవరకొండ పోవాలంటే నేను బస్సుల కుడిదిక్కు సీటు చూసుకున్న, దుకాణం ఎడమకు వస్తది కాబట్టి. చెప్పుకోనీకి సిగ్గు గని, బొమ్మకు సెల్యూట్ కొట్టినోన్ని, బొమ్మ నన్ను గుర్తుపడుతదేమో అనిపించేది.

పదో వర్ధంతి పెద్దగ పెట్టిండ్రు. దామోదర్ పై అంతస్తు కొత్త షోరూం అదే నాడు ప్రారంభం, రిబ్బను బీరమ్మ కత్తిరించాలె. పొద్దున్నే పోయేసరికి షట్టర్ ముందట జనం, రెండు కొంటే ఒకటి ఆఫరు కోసం వచ్చిన పొరగాళ్లు, పెండ్లి బట్టలకొచ్చిన కుటుంబాలు. బొమ్మను అప్పుడే బయట నిలబెట్టిండ్రు. నేను ఆ దినం అద్దాలు పెట్టుకొని పోయిన.

బీరమ్మ వచ్చింది. కుర్చీల దిక్కు పోలేదు. బొమ్మ దగ్గరికి పోయి, ఎవరినీ అడగకుండ అంగి గుండీలు ఒక్కొక్కటి విప్పుడు మొదలుపెట్టింది, నిద్రపోయిన పిల్లగానికి బట్టలు మార్చినట్టు, మెల్లగ. చెయ్యి తీసేటప్పుడు అంగితోపాటు బొమ్మ చెయ్యి ఊడి వచ్చింది. "అయ్యో బిడ్డా" అని ఆ చెయ్యిని మళ్ల భుజంల సరిగ్గ పెట్టింది. ఎవరూ నవ్వలేదు. మైకాయన పాట ఆపిండు. ప్యాంటు కూడ తీసి, రెండిటిని మడతపెట్టి చంకల పెట్టుకొని నా దిక్కు చూసి, బండి తియ్యి సారూ, గుట్టకు పోదాం అన్నది.

దొడ్డి కాడ ఐలేశం అప్పటికే గొంగడి పరిచి కూర్చున్నడు. విస్తరిల జొన్నరొట్టె, తలకాయకూర, పక్కకు ఒక గోళీసోడ. బీరమ్మ డ్రెస్సును విస్తరి పక్కన పెట్టింది, కుట్టు ఉన్న జేబు మీదికి వచ్చేటట్టు. ముగ్గురం దూరం జరిగి కూర్చున్నం. ఎవ్వరం మాట ఇయ్యలేదు. దొడ్డి మీది తుమ్మచెట్టుకు ఒక కాకి ఉన్నది, ఇటు చూస్తున్నది, రాదు.

చానసేపటికి బీరమ్మ నా దిక్కు తిరగకుండనే అడిగింది. "సారూ, వాని చెంప మీద పొట్టేలు కుమ్మిన మచ్చ ఉంటుండె. ఏ చెంపకు?"

ఎడమ చెంపకు అని వెంటనే చెప్పిన. నాకు ఎట్ల ఎరుకనో ఆమె అడగలేదు. నేను కొట్టిన చెంప అదే, కొట్టినాక ఆ మచ్చ ఎర్రగైంది.

"ఎడమకే" అని ఆమె తనలో తాను అనుకున్నది. "నవ్వితే సొట్టల కలిసిపోతుండె." కండ్లు మూసుకున్నది. ఇంత సేపు మూసుకునుడు ఆ ఏడాదిల నేను చూడలేదు.

కాకి కింది కొమ్మకు దిగింది.

అప్పుడే దామోదర్ బండి వచ్చింది. చెమటలు పట్టి ఉన్నడు, కొత్త చొక్కా, జేబుకు బ్యాడ్జి. బండి ఆపి గొంగడి ముందట నిలబడి, అక్కడ మూడు వందల మంది ఎదురుచూస్తున్నరని, రిబ్బను అట్లనే ఉన్నదని, బొమ్మ రోడ్డు మీద ఉత్త ఒంటితోని నిలబడితే ఆడోళ్లు మొకాలు తిప్పుకుంటున్నరని గబగబ చెప్పిండు. తర్వాత గొంతు తగ్గింది.

"అవ్వా, ఎనిమిదేండ్లసంది శివన్న కోసం ఇంత చేసిన. నా ఇజ్జత్ తీసినవ్ గదనే."

బీరమ్మ కండ్లు తెరిచి వాన్ని చూడలేదు, చెట్టును చూసింది.

"జర కూసో బిడ్డా, నువ్వు నిలవడితే పిట్ట దిగదు."