బాల్కనీ కింద కుర్చీ

నెల్లూరు పాతవీధుల్లోని పదకొండు కట్టడాల గురించి ఫోనులో వినిపించే గొంతు నాది. సోషల్ టీచరుగా రిటైరయ్యాక, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు కొందరు వచ్చి అడిగితే రాసి, చదివి ఇచ్చాను. ఎవరైనా సరే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గైడుతో పని లేకుండా తమంతట తామే తిరిగి చూడొచ్చు. ఎక్కడ ఆగాలో, ఎటు చూడాలో నేను చెబుతుంటాను.

అందులో ఏడోది ఒక పాత మేడ. ఒకప్పుడు తోళ్ళ వ్యాపారం చేసిన ముస్లిం కుటుంబానిది. వీధి మీదికి పొడుచుకొచ్చిన టేకు బాల్కనీ దాని అందం. ‘బాల్కనీ కిందికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడండి, తలెత్తి చూడండి, దూలాల కొసల్లో చెక్కిన చిలకలు కనిపిస్తాయి, ఒక్క నిమిషం అక్కడే ఉండండి’ అని చదివాను. అది రాసుకోవడానికి వెళ్ళిన రోజే ఇంటాయన గోడలో పగులు చూపించారు. వెంట్రుకంత సన్నగా ఉంది. దూరం నుంచైతే చిలకలు సరిగా కనిపించవని నేను ఆ మాట మార్చలేదు.

పోయినేడు వాయుగుండం పట్టి నాలుగు రోజులు విడవకుండా వాన కురిసింది. ఐదో రోజు ఆదివారం, తెరిపిచ్చింది. చర్చిలో ఆరాధన ముగిశాక ఫోను చూసుకుంటే ఆ ఇంటాయన ఆరుసార్లు చేసి ఉన్నారు. వెంటనే చేశాను.

“మేడమ్, గోడ రెండు వేళ్ళు దూరేంత పగిలింది. పొద్దున్నుంచి సున్నం రాలతా ఉండాది. మేమంతా యెనకింట్లోకి వచ్చేసినాం. మీ మాటలు వినేవాళ్ళు మాత్రం వస్తానే ఉండారు. ఇద్దర్ని నేనే పంపించేసినా.”

గోడకు ఆసరా పెట్టడానికి సర్వి కట్టెలు కొనడానికి అడితికి వచ్చానని, ఇంటి ముందర ఒక కుర్చీ అడ్డం పెట్టి వచ్చానని చెప్పారు. కాలేజీ పిల్లల్లో ఒకబ్బాయికి ఫోను చేస్తే, రికార్డింగు ఇప్పుడు ఆపేసినా ముందే ఫోన్లలో దించుకున్నవాళ్ళకు వినిపిస్తూనే ఉంటుందని చెప్పాడు.

ఆటో ఎక్కాను. వీధి మొదట్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి, ఇక పోదన్నాడు ఆటో అతను. దిగి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచాను. మలుపు తిరగ్గానే వాళ్ళు కనిపించారు. ఒకాయన గోడకు వీపు ఆనించి పైకి చూస్తున్నాడు. ఆయన భార్య, అడ్డం పెట్టిన ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళ కోసం వేశారనుకుందట.

గట్టిగా పిలిచాను. తిరగలేదు. వాళ్ళ చెవుల్లో మాట్లాడుతున్నది నేనే, అక్కడే ఉండమని. నా మోకాలు ఏనాటి నుంచో బాగాలేదు. అయినా పరుగెత్తాను. వెళ్ళి ఆమె చెయ్యి పట్టి లాగాను. గొలుసు లాక్కుపోయే మనిషిననుకుని ఆమె మెడ దగ్గర చేత్తో అదిమి పట్టుకుంది. ఆయన ఇయర్‌ఫోన్లు పీకి కోపంగా చూశాడు.

“ఎవురమ్మా నువ్వు?”

గోడ పగిలిందని, రోడ్డు అవతలికి రమ్మని చెప్పాను. ఆయన కదల్లేదు.

“ఫోన్లో ఈడనే నిలబడమంటా ఉండారు గదా.”

“ఆ చెప్పింది నేనే. ఇప్పుడు చెప్తా ఉండేది కూడా నేనే. దయచేసి రండి.”

ఆమె నా ముఖంలోకి చూసింది. గొంతు గుర్తుపట్టినట్టుంది, లేచి భర్త మోచెయ్యి పట్టుకుని బయల్దేరింది. ముగ్గురం ఎదురుగా మూసి ఉన్న అంగడి అరుగెక్కాం.

చాలాసేపు ఏమీ కాలేదు. ఆయన వాచీ చూసుకున్నాడు. గూడూరు రైలు వేళవుతోందని భార్యతో అన్నాడు. పోతాం అంటే ఏ మాట చెప్పి ఆపాలా అని నేను గోడ వైపే చూస్తున్నాను. సున్నం పెచ్చులు రెండు రాలాయి. తర్వాత లోపలెక్కడో కర్ర విరిగిన చప్పుడైంది. బాల్కనీ ఒక పక్కకు మెల్లగా ఒరిగి, ఆగి, ఒక్కసారిగా కూలింది. తడి సున్నం కావడంతో దుమ్ము పెద్దగా లేవలేదు. కుర్చీ ఎక్కడుందో కనిపించలేదు.

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి ఇంటాయన కట్టెల బండితో వచ్చారు. కూలిన బాల్కనీ వైపు చూడలేదు, నన్ను చూశారు.

“కింద ఎవురన్నా ఉండారా?”

లేరన్నాను. ఆయన బండి కొయ్య పట్టుకుని అలాగే కూలబడ్డారు. ఆ రోజు మీరు పగులు చూపిస్తే నేను పట్టించుకోలేదని చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

“నేను పట్టించుకున్నానా మేడమ్? మా నాయన ఉన్నప్పటి నించీ ఉండే పగులే గదా అనుకున్నా.”

సాయంత్రానికి పిల్లలు మొత్తం రికార్డింగు తీసేశారు. మళ్ళీ చదివిమ్మని నెలయ్యాక అడిగారు. మిగిలిన పది కట్టడాలూ తెలిసినవాళ్ళు చూడకుండా ఒక్క మాట కూడా చదవనన్నాను. పాత సున్నపు గోడల పని తెలిసిన మేస్త్రి ఒకాయన దొరికాడు. ఆదివారాలు ఆరాధన అయ్యాక ఇద్దరం బయల్దేరుతున్నాం. ఆయన వేళ్ళతో గోడను కొట్టి చెవి పెట్టి వింటాడు. నేను పక్కన నోరు మూసుకుని నిలబడతాను. ఇంకా నాలుగు చూడాల్సి ఉంది.