జట్కా స్టాండు బోర్డు

ముద్దనూరు స్టేషను బయట, గోడౌను గోడకు ఒక పాత రేకు బోర్డు ఇప్పటికీ ఉంది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు, పైన ఎం.ఎస్.ఎం. రైలు కంపెనీ పేరు. ఆ కంపెనీ పోయి సదరన్ రైల్వే వచ్చింది, అదీ పోయి సౌత్ సెంట్రల్ వచ్చింది. బోర్డును పీకే తీరిక మాత్రం ఎవడికీ దొరకలేదు. పై సగం చదవొచ్చు: "జట్కా స్టాండు. మూడు బండ్లు. ముందున్న బండివాడు ముందు వచ్చిన ప్రయాణికుని కాదనరాదు. ప్రయాణికుడు చెప్పిన చోటనే దింపవలెను." కింది సగాన్ని తుప్పు తినేసింది. ఆ తుప్పులో ఏముందో నన్నడగండి. ముప్పైరెండేళ్ళు అక్కడే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశాను.

చెప్పేది నా గురించి కాదు, లాల్ బాషా గురించి. మూడు బండ్లలో రెండు ఎప్పుడో పోయాయి, బాషాది ఒక్కటే మిగిలింది. అయినా రోజూ తెచ్చి మొదటి స్థానంలోనే నిలిపేవాడు, వెనక ఇంకా రెండు బండ్లున్నట్టు! గుర్రం పేరు షహజాదీ. పేరు ఘనంగానే ఉండేది గానీ డొక్కలు ఎంచొచ్చు. తనకు తెచ్చుకున్న బొరుగుల్లో సగం దానికే పెట్టేవాడు. అతనికి చదువు రాదు. బోర్డు మీది మాటలు వాళ్ళ నాయన కల్మాతో పాటు నేర్పాడు.

మూడు మైళ్ళ దూరంలో ఒక పల్లె ఉంది. పేరు రాయను. రాస్తే ఇప్పటికీ ఎవడో ఒకడు తగులుకుంటాడు. ఆ పల్లెలో రెండు పార్టీలు. టీ కొట్లు రెండు, మంగలి బంకులు రెండు, చివరికి చవితికి వినాయకుళ్ళు కూడా ఇద్దరు. స్టేషను నుంచి పల్లెకు పోయే జట్కా మాత్రం ఒక్కటే. ఆ ఒక్క జట్కావాడు ఇద్దరి మధ్యా ఎట్లా బతికాడంటారా? ఆ బోర్డుతోనే.

"నిన్న వాండ్ల ఆడోళ్ళను ఎక్కిచ్చుకున్నావంట?" అని ఒకడు కళ్ళెర్రజేస్తే, "అవునప్పా. ముందొచ్చినోళ్ళను కాదనకూడదని బోర్డులో ఉండాది. రేపు నువ్వు ముందొస్తే నిన్నూ ఎక్కిచ్చుకుంటా" అనేవాడు. కంపెనీ దొరలు పెట్టిన బోర్డుతో వాదనేంటని వాళ్ళూ ఊరుకునేవాళ్ళు. ఇరవై ఏళ్ళు అట్లా గడిచాయి.

ఎనభై ఐదు ఎన్నికలయిన ఏడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం పెంచలయ్య జీపులో నలుగురిని వేసుకొచ్చాడు. ఒక పార్టీకి అతనే చేయి, అతనే కత్తి. నేను దీపాల గదిలో లాంతర్లు తుడుస్తున్నాను, కిటికీలోంచి అంతా వినిపిస్తోంది.

"ప్యాసింజరుకు వాండ్ల చెన్నకేశవ దిగుతాడు. జైలు నుంచి వస్తాండాడు. వంక కాడ బండి ఆపి, చక్రం చూసుకుంటాండానని దిగు. మిగతాది మేం చూసుకుంటాం."

"నా చేత కాదప్పా."

"అయితే నోరన్నా మూసుకో. మేం ఆడ ఉండామని వానికి ఒక్క మాట చెప్పినావో, నీకు ముగ్గురాడపిల్లోళ్ళు ఉండారు, చూసుకో."

ఒకణ్ణి స్టాండు ఎదురుగా టీ కొట్టులో కాపలా కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళు పల్లె దారిలోని ఆ వాగు వైపు పోయారు. నాకూ భార్య దీవెనమ్మ ఉంది, పిల్లలున్నారు. పోలీసుల దగ్గరికి పోలేదు, చెన్నకేశవకు ఎదురుపోలేదు. లాంతరు తుడుస్తూ కూర్చున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ప్యాసింజరు వచ్చింది. వెనకాల వచ్చే మెయిలు దాటిపోవాలని దాన్ని పక్కనున్న లూపులైన్లో నిలిపారు. చెన్నకేశవ సంచి భుజానేసుకుని వచ్చి జట్కా ఎక్కాడు. బాషా ఎవరినీ ఎక్కడ దిగుతారని అడిగే మనిషి కాదు. ఆ పల్లెలో ప్రతి గడపా అతనికి తెలుసు. చెన్నకేశవ పెళ్ళికూతురిని ఇంటికి తెచ్చింది కూడా ఆ జట్కానే.

"యాడ దించాలప్పా?" అన్నాడు బాషా.

చెన్నకేశవ నవ్వాడు. "ఏంది బాషా మామా, రెండేండ్లకే మర్చిపోయినావా? మా ఇంటికాడ."

బాషా కళ్ళెం కదపలేదు. "యాడ దించాల?"

చెన్నకేశవ నవ్వు ఆగిపోయింది.

"నువ్వు చెప్పిన చోటనే దించాల. చెప్పప్పా, యాడ?" అన్నాడు బాషా మూడోసారి. మాట మామూలుగానే ఉంది.

చెన్నకేశవ వాగు దారి వైపు చూశాడు. టీ కొట్టులో కూర్చున్నవాణ్ణి చూశాడు. "ఈడనే దించు మామా" అని దిగి, వచ్చిన దారినే వెనక్కి పోయి, నిలబడున్న ప్యాసింజరెక్కాడు. తర్వాత బళ్ళారిలో ఏదో మిల్లులో పనికి కుదిరాడని విన్నాం.

సాయంత్రం పెంచలయ్య తన మనుషులతో ఊగిపోతూ వచ్చాడు. "ఏం చెప్పినావురా వానికి?"

"ఏమీ చెప్పలేదు. యాడ దించాలని అడిగినా. నీ మనిషి వినలేదా?"

"ఒకసారి అడిగితే సాలదా? మూడుసార్లు ఎందుకడిగినావు?"

బాషా బోర్డుకేసి చూశాడు. పెంచలయ్య నా వైపు తిరిగాడు. "ఏమప్పా ఆనందరావూ, నువ్వు సదువుకున్నోనివి. మూడుసార్లు అడగాలని ఆ బోర్డులో ఉండాదా?"

బోర్డు ముందుకు పోయి నిలబడ్డాను. కింది సగంలో తుప్పు తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నం మూసుకున్న నోరు అప్పుడు తెరిచాను. "దింపవలసిన చోటును ముమ్మారు అడిగి తెలిసికొనవలెను" అని చర్చిలో బైబిలు వాక్యం చదివినట్టు తడబడకుండా చదివాను. ప్రభువు నన్ను క్షమించాలి. వాళ్ళలో ఒక్కడికీ అక్షరం ముక్క రాదు. తిట్టుకుంటూ పోయారు.

మూడోనాడు తెల్లవారి చూస్తే కొట్టంలో షహజాదీ వెనక కాళ్ళు రెండూ నరికి ఉన్నాయి. అది చచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అప్పటిదాకా దాని తల ఒళ్ళో పెట్టుకుని బాషా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నోరులేని జీవం వాళ్ళకేం చేసిందని!

చెన్నకేశవ పార్టీవాళ్ళు ప్రొద్దుటూరులో మంచి గుర్రం చూసి కొనిస్తామన్నారు. అవతల పెంచలయ్య పార్టీ పెద్దమనిషి కూడా, గుర్రాన్ని నరకడం మన పరువుకు తక్కువనుకున్నాడో ఏమో, మేమే కొనిస్తామని కబురంపాడు. బాషా ఇద్దరికీ దండం పెట్టాడు. "ఎవురి గుర్రం కడితే అది వాళ్ళ బండి అయితాది" అన్నాడు. ఒక తోపుడు బండి సంపాదించి, అదే బోర్డు కింద, అదే మొదటి స్థానంలో నిలిపి, సామాన్లు మోయడానికి కుదురుకున్నాడు. అప్పటికి యాభై దాటింది.

నాలుగేళ్ళకు ఒక బందు రోజు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. కడప నుంచి వచ్చిన బండిలో పెంచలయ్య దిగాడు. నాయకుడితో చెడి, జీపు పోయి, వెంట ఉన్నవాళ్ళు పోయి, భార్య రామేశ్వరమ్మ ఒక్కతే మిగిలింది. కుడికాలు చీము పట్టి మోకాలిదాకా వాచింది, నేల మీద మోపలేడు. ఆమె కనబడిన ప్రతివాణ్ణీ బతిమాలింది. రెండు పార్టీలవాళ్ళూ మొహం తిప్పుకున్నారు. నేనూ తిప్పుకున్నాను. బాగా అయింది వెధవకి అనుకున్నాను కూడా.

బాషా తోపుడు బండి నెట్టుకుంటూ వచ్చి అతని ముందు ఆపాడు. "యాడ దించాల?"

పెంచలయ్య మొహంలో నెత్తురు లేదు. చుట్టూ చూశాడు. "ఎవరుండారు మామా? నాకోసం యాడ కాసుకోనుండారు?"

"ఎవరూ లేరులేప్పా, ఊరికే అడుగుతాండా. గుర్రముంటే మీ ఇంటికే పోతాంటిమి. ఇది సర్కారాసుపత్రి దాకా పోతాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమన్నా బుద్ధుండాదా బాషా? షహజాదీని నరికినోడు వీడు!" అని అరిచాను.

బాషా బోర్డు వైపు చేయి చూపించాడు. "ముందొచ్చినోడు ఈయప్పే. నరికినోన్ని ఎక్కిచ్చుకోవద్దని ఆ కింద తుప్పులో యాడన్నా ఉంటే సదువు ఆనందప్పా. ఈడనే ఇడిసి పెడతా."

నేను ఏది చదివితే అది బాషా నమ్మేవాడు. పెంచలయ్య నా నోటికేసి చూస్తున్నాడు. నేను తుప్పుకేసి చూశాను.

"లేదు" అన్నాను.

ఇద్దరం అతన్ని ఎత్తి బండి మీద పడుకోబెట్టాం. మనిషి బరువు, పైగా ఆసుపత్రి దారి అంతా ఎత్తు. బాషా ఒక్కడివల్ల కాలేదు. నేనూ వెనక చేయి వేశాను. ఆసుపత్రి గేటు దాకా వాణ్ణి తిడుతూనే తోశాను.