గులాబీ రంగు నీళ్లు

మొన్న గుణదల తిరునాళ్లలో ఒక దుకాణం ముందు ఆగిపోయాను. తాగే నీళ్లలో అమ్మ వేసి మరిగించే ఎర్ర చెక్కముక్కలు అక్కడ పొట్లాలు కట్టి అమ్ముతున్నారు.

అమ్మ నర్సు ఉద్యోగానికి కేరళ నుంచి విజయవాడ వచ్చి, నాన్నను పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. బడికి తీసుకెళ్లే నా సీసాలో ఎప్పుడూ గోరువెచ్చటి గులాబీ రంగు నీళ్లే. రెండో తరగతిలో నా పక్కన కూర్చునే షాహీనా ఒకరోజు ఆ సీసాను ఎత్తి చూసి, "ఇది మందే. మీ అమ్మ నర్సు కదా, నీకేదో జబ్బుంటే చెప్పకుండా తాగిస్తోంది" అంది.

నేను నమ్మేశాను. ఆటల పీరియడ్‌లో పరిగెత్తడం మానేసి గోడ పక్కన కూర్చునేదాన్ని. చివరికి ఒక సాయంత్రం అమ్మనే అడిగాను.

"అమ్మా, నేను చచ్చిపోతానా?"

సంగతంతా విని అమ్మ తనూ ఒక గ్లాసు తాగి చూపించింది. "మా ఊళ్లో అందరూ ఇవే తాగుతారమ్మా. మా అమ్మ నాకిచ్చింది, నేను నీకిస్తున్నా."

"అయితే మీ ఊరందరికీ జబ్బేనా?"

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మర్నాడు పెద్ద సీసా ఇచ్చి షాహీనాకూ పొయ్యమంది. అది ఒక గుక్క తాగి, "చప్పగా ఉన్నాయే" అని నన్ను ఆటకు లాక్కుపోయింది.

భాష, పండగలు, గోంగూర పచ్చడి, ఇక్కడివన్నీ అమ్మ తనవి చేసుకుంది. తన ఊరిది అంటూ ఉంచుకున్నది ఆ నీళ్లొక్కటేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అమ్మ పోయాక కూడా మా వదిన రోజూ అవే మరిగిస్తుంది. నానమ్మను చూడని నా మేనకోడలికి వేరే నీళ్లు తెలియవు. ఈమధ్య చుట్టాలింట్లో గ్లాసు చేతికిస్తే, అందులోకి తొంగిచూసి నా చెవిలో మెల్లగా అడిగింది.

"అత్తా, వీళ్ల నీళ్లకి రంగు లేదేంటి? ఒంట్లో బాలేదా?"