గేటు దగ్గర గంటన్నర

నవంబరు 16, సాయంత్రం నాలుగున్నర. హాజరైనవారు: పశువుల డాక్టరు, గుర్రం యజమాని, అతని భార్య, నేను.

న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో మా వీధి చివరి రేకుల షెడ్డులో ఉండే తెల్ల ఆడగుర్రాన్ని చూపించడానికి డాక్టరును పిలిపించాం. దాని వెనక కాళ్లు రెండూ గిట్టల పైన వాచాయి. పెళ్లి ఊరేగింపులకు వెళ్లే గుర్రం అది. యజమాని పగలు ఇందా పేటలో ఆటో నడుపుతాడు. వానాకాలం దాకా అతనికి రెండు గుర్రాలుండేవి. రెండోది కడుపునొప్పితో చచ్చిపోయాక ఇదొక్కటే మిగిలింది.

షెడ్డు పక్కన కంచె వేసిన ఖాళీ స్థలం ఉంది. రోజూ ఉదయం గుర్రాన్ని అందులోకి వదిలి, మళ్లీ తెచ్చి కట్టే పని నేనే అడిగి తీసుకున్నాను. ఉద్యోగమంతా రైల్వే వర్క్‌షాపు టైం ఆఫీసులో చేసినవాణ్ణి. మనిషి గేటు దాటి ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి వెళ్లాడు, అదే మా లెక్క. లోపల ఏం చేశాడన్నది ఫోర్‌మన్ చూసుకునేవాడు.

గుర్రానికీ అలాగే డైరీ పెట్టాను. ఆరుకు వదిలాను, ఏడున్నరకు కట్టాను. గేటు మూసి నా వాకింగుకు నేను పోయేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి అది గేటు దగ్గరే నిలబడి ఉండేది. హూటరు కూసే వేళకు చేతులు కడుక్కుని గేటు దగ్గరికి చేరే మా పనివాళ్లలా దీనికీ వేళ తెలుస్తోందని మురిసిపోయాను. ఆ మాట డైరీలో రెండుసార్లు రాశాను కూడా.

డాక్టరు బెంగాలీ ఆయన. వాపు నొక్కి చూసి హిందీలో అడిగాడు, “రోజూ నడుస్తోందా?”

నేను డైరీ తీసి చదివాను. పదకొండు వారాలు, రోజుకు గంటన్నర.

“ఎంతసేపు బయట ఉందో చెబుతున్నారు దాదా. ఎంత నడిచింది?”

పేజీలు వెనక్కి తిప్పాను. అన్నింటా ఆరు, ఏడున్నర.

యజమాని భార్య నవ్వింది. “మావయ్య పుస్తకంల నడిసింది డాక్టరు బాబూ, నేల మీద నడవనేదు.”

“నువ్వూరుకోయే,” అని భర్త కసిరాడు.

“నానేటన్నాను? మావయ్య అటెల్లగానే ఇది గేటు కాడికొచ్చి దిష్టిబొమ్మలాగ నిలబడిపోద్ది. కిటికీలోంచి రోజూ సూస్తన్నాను.”

“మరి నాకెందుకు చెప్పలేదమ్మా?”

“మీకు తెలుసుననుకున్నాను మావయ్యా. రోజూ రాసుకుంతన్నారు కదా!”

అందరం కంచె లోపలికి చూశాం. అంతటా గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. గేటు ముందు మాత్రం నాలుగడుగుల మేర మట్టి గట్టిపడి, ఒక్క పరక లేదు. లద్దె అంతా అక్కడే. రోజూ నేను ఆ లద్దె దాటుకునే వెళ్లి దానికి తాడు కట్టేవాణ్ణి.

తోడు లేని గుర్రం తనంతట తాను తిరగదన్నాడు డాక్టరు. ఇంకో గుర్రం ఉంటే రెండూ మేస్తూ తిరుగుతాయి. లేదా ఎవరైనా పూటకో గంట పట్టుకుని నడిపించాలి. ఏదీ కుదరకపోతే నాలుగు గుర్రాలున్న చోటికి పంపేయాలి, లేకపోతే కుంటిదైపోతుంది.

“పంపడమేటి బాబాయ్, పిల్లప్పట్నుంచి నా సేత్తో పెంచినాను,” అన్నాడు యజమాని నాతో.

“నేను నడిపిస్తాను,” అన్నాను.

మర్నాడు ఉదయం ఆరుకు తాడు పట్టుకుని కంచె లోపలికి దిగాను. ఒక చుట్టు నా వెంట వచ్చింది. రెండో చుట్టు సగంలో ఆగిపోయింది. లాగాను. డెబ్బై నాలుగేళ్ల మనిషి లాగితే గుర్రం కదులుతుందా? అదిలించాను, బెల్లం చూపించాను. బెల్లం తిని అక్కడే నిలబడింది. తాడు వదలగానే పరుగున గేటు దగ్గరికి పోయింది.

ఆటోలో కూర్చుని ఇదంతా చూసిన యజమాని దిగి వచ్చాడు. అతను తాడు పట్టుకుంటే బాగానే నడిచింది. రెండు చుట్లయ్యేసరికి బడిపిల్లల ట్రిప్పుకు వేళయిపోయింది.

“రోజూ నానుండగలనేటి బాబాయ్,” అన్నాడు.

గుర్రం మెడ మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో మిడ్నాపూరులో గుర్రాలు పెంచే మనిషికి ఫోను చేశాడు. ఆదివారం బండి తెస్తామన్నారట. గుమ్మంలో నిలబడి ఉన్న అతని భార్య లోపలికి వెళ్లిపోయింది. నేను గుర్రాన్ని షెడ్డులో కట్టేశాను.