బావ దగ్గర కొన్న ఎయిర్ రైఫిల్

బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆ మెకానిక్‌ని అందరూ నిదానం అని పిలిచేవారు. అసలు పేరుతో జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప మరెవరికీ పనిపడలేదు. ఏ మిషన్ మొరాయించినా ఆయన తొందరపడడు. పక్కన కూర్చుని కాసేపు దాని చప్పుడు వింటాడు, కుట్టే మనిషిని నాలుగు మాటలు అడుగుతాడు, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. అలాంటి మనిషి కూడా ఒకసారి అడగకుండా చెయ్యి పెట్టాడు.

ఆదివారాలు ఆయన పాత గోదాములో నడిచే షూటింగ్ క్లబ్బుకి వెళ్ళేవాడు. ఆ పిచ్చి అంటించింది అక్క మొగుడే. బావ బస్సు డ్రైవరు. క్లబ్బులో బావ గురికి తిరుగులేదు, బావమరిదిది ఎప్పుడూ రెండో స్థానమే. దానికి ఉడుక్కునేవాడు కాదు గానీ, బావ చేతిలోని ఎయిర్ రైఫిల్ మీద ఆయన కన్ను ఏనాడో పడింది. ముందే పంపుతో సిలిండర్‌లోకి గాలి ఎక్కించుకుంటే, ఆ గాలితో చిన్న సీసపు గుళ్ళను ఒకదాని తర్వాత ఒకటి వదిలే రకం అది. బావ చెంప ఆనించీ ఆనించీ చెక్క పిడి ఒకచోట అద్దంలా నునుపుదేలింది.

నడుం నొప్పని చెప్పి బావ ఉద్యోగం గడువుకి ముందే మానేశాడు. కొన్నాళ్ళకి చూపు ఆనడం లేదని క్లబ్బుకి రావడమూ మానేశాడు. మరికొంతకాలానికి ఓ సాయంత్రం కబురు పెట్టి పిలిపించి, రైఫిల్ పెట్టె మంచం మీద పెట్టాడు. ఊరికే తీసుకోమంటే బావమరిది ఒప్పుకోలేదు. బావా పట్టుబట్టలేదు, కొనుక్కున్నదైతేనే జాగ్రత్తగా చూసుకుంటావని నవ్వాడు.

“అప్పుడప్పుడూ వచ్చి నాలుగు గుళ్ళు పేల్చుకుంటాన్రా. కాదనకు.”

“ఎక్కడున్నా అది నీదే బావా.”

గుమ్మంలో నిలబడ్డ అక్క ఏదో చెప్పబోయింది. బావ అటు చూసేసరికి టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడు అది చూడకపోలేదు. కానీ మనసంతా పెట్టె మీదే ఉంది.

ఇంటికి తెచ్చి పేల్చి చూశాక పెదవి విరిచాడు. వాడకం లేక రబ్బరు రింగులు ఎండిపోయాయేమో, నింపిన గాలి తెల్లారేసరికి సగానికి సగం కారిపోతోంది. గుళ్ళు ఒకటి పైకి, ఒకటి కిందికి. ఇక ట్రిగ్గర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. తుప్పుపట్టిన గేటు గడియ లాగినట్టు లాగాలి. ఇలాంటిదానితో బావ అన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చాడా అని ఆశ్చర్యపోయాడు గానీ, ఆ ఆశ్చర్యం వెంట రెండడుగులు కూడా నడవలేదు. పెద్దతనం, పట్టించుకుని ఉండడులే అని సరిపెట్టుకున్నాడు.

ఉన్న గాలంతా వదిలేసి సిలిండర్ విప్పాడు. రింగులన్నీ మార్చాడు. గుండు గుండుకీ ఒకే మోతాదులో గాలి వదిలే రెగ్యులేటర్‌ని కడిగి సరిచేశాడు. అంతవరకు వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత ట్రిగ్గర్ విప్పితే లోపల ఎవరో అమర్చిన అదనపు స్ప్రింగు, ట్రిగ్గర్ నొక్కేదాకా పేలకుండా ఆపి ఉంచే కొక్కెం కింద చేత్తో అరగదీసి దూర్చిన ఇత్తడి ముక్క కనిపించాయి. రెండూ కంపెనీవి కావు.

వెనకనుంచి చూస్తున్న భార్య, అన్నయ్యగారిని ఓ మాట అడగకపోయారా అంది. అడిగితే తప్పు పట్టానని నొచ్చుకుంటాడన్నాడు. నిజానికి బావ మోటు పనితనం చూసి ఆయనకి లోపల్లోపల కాస్త సంబరంగా ఉంది. ఆ రెండూ చెత్తబుట్టలో పడేసి, ఉక్కు కొక్కేన్ని ఆకురాయితో నున్నగా అరగదీశాడు. ఇప్పుడు వేలు తగిలితే చాలు, పేలుతుంది.

ఆ వారం క్లబ్బులో ఆయన గుళ్ళన్నీ ఒకే చిల్లులోంచి పోయాయి. తర్వాతి పోటీలో మొదటి స్థానం వచ్చింది. ఆ ఊపులో, వచ్చి చూడమని బావకి కబురు పంపాడు.

బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అక్కని వెంటబెట్టుకుని వచ్చాడు. బల్ల ముందు కూర్చుని, రైఫిల్ ఆనించి, నునుపుదేలిన చోట చెంప పెట్టాడు. వేలు ట్రిగ్గర్ మీద పెట్టీ పెట్టకముందే గుండు పోయి గురి బోర్డు పక్కనున్న ఇసుక బస్తాల్లో దిగబడింది. పొరపాటనుకుని ఇంకోటి పేల్చాడు. అదీ అంతే. అప్పుడు చూశాడు బావమరిది. బావ వేలు కుట్టుమిషన్ సూదిలా ఆడుతోంది.

బావ రైఫిల్‌ని జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

“బాగా చేశావురా. ఇప్పుడు నిజంగా నీదయింది.”

ఎవరి ముఖమూ చూడకుండా కండువా భుజాన వేసుకుని ముందు నడిచాడు. అక్క వెనక ఆగింది.

“వణుకు మొదలై చాలా ఏళ్ళయిందిరా. బస్సు మానిందీ, క్లబ్బు మానిందీ అందుకే, నడుమూ కాదు, చూపూ కాదు. ట్రిగ్గర్ బిగువుగా ఉంటే వేలు దానిమీద మోపి మెల్లగా నొక్కేవాడు. ఆ ఇత్తడి ముక్కతో ఎంత తంటాలు పడ్డాడో నాకు తెలుసు. నీకు చెబుతానంటే వద్దన్నాడు.”

“నాకు చెబితే ఏం పోయేదక్కా?”

“ఎందుకిలా ఉందని నువ్వడిగితే చెప్పేవాడేమో.”

ఆయన రైఫిల్‌ని పెట్టెలో పెట్టి మూత వేశాడు.

అరగదీసిన ఉక్కు మళ్ళీ పెరగదు. ఫ్యాక్టరీ లేత్ మిషన్ మీద కొత్త కొక్కెం చేశాడు, స్ప్రింగు వెతికి తెచ్చాడు, ఇత్తడి ముక్కలు ఎన్నో అరగదీశాడు. కానీ ఎంత బిగువు ఉండాలో ఆయన వేలికి తెలియదు. చివరికి పెట్టె పట్టుకుని బావ ఇంటికి వెళ్ళాడు. నువ్వే పట్టుకుని చూసి చెప్పు, ఎలా ఉండాలంటే అలా చేస్తానని బతిమాలాడు.

బావ పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించాడు.

“తెరవకురా. ఒకసారి వదులుకోవడానికే తల ప్రాణం తోకకొచ్చింది. మళ్ళీ నా వల్ల కాదు.”

ఆపైన ఆ మాట ఎత్తనివ్వలేదు. ఎప్పుడో బస్సులో ఎవరో మేకని ఎక్కించి దానికీ సీటు కావాలని పేచీ పెట్టిన సంగతి చెప్పి తనే నవ్వాడు. బావమరిదీ నవ్వాడు. నవ్వకపోతే ఎలా?

ఆయన క్లబ్బు మానలేదు. మానేస్తే బావ ఇంకా బాధపడతాడని అక్క గట్టిగా చెప్పింది. ప్రతి ఆదివారం పేల్చడం కాగానే నేరుగా వాళ్ళింటికి వెళ్ళేవాడు. గురి ఎలా కుదిరిందని బావ అడిగేవాడు. అంతంతమాత్రమే బావా, అనేవాడు. అబద్ధమని బావకి తెలిసేది. గ్లాసు పట్టుకునే చేతిని రెండో చేత్తో అదిమిపట్టుకుని టీ తాగేవాడు.