మణికుమార్ చదివిన గవరమ్మ కథ

మా బావమరిది మణికుమార్‌కి మనిషిని చూపిస్తే చాలు, ఆ మనిషికి ఏ పుస్తకం పడుతుందో చెప్పేస్తాడు. పుస్తకమంటే బొమ్మల పుస్తకం లెండి. కామిక్స్ అనాలట, బొమ్మల పుస్తకమంటే వాడికి ముక్కు మీద కోపం. జెట్టీ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు పొడిచే మిషను నడుపుతాడు. ఇద్దరు పిల్లల తండ్రి. మిషను ఆగినప్పుడల్లా తువ్వాలుతో చేతులు తుడుచుకుని, తడవకుండా పాలిథీన్ సంచిలో దాచిన కామిక్ బయటికి తీస్తాడు. ఇక్కడ అండమాన్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో మాదీ వాడిదీ పక్కపక్క ఇళ్ళు. వాడి అక్కని చేసుకున్న పాపానికి ముసుగు వీరుల కథలన్నీ అన్నం తింటూ విన్నాను.

ఈ కామిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళకో వాట్సాప్ గ్రూపుంది. సిప్పీఘాట్ నుంచి ఒక నర్సు, ఫెరార్గంజ్‌లో కోళ్ళు పెంచే కుర్రాడు, బెంగాలీలు, తమిళులు, రాంచీ వాళ్ళు, అంతా కలిసి పాతికమంది ఉంటారు. మాటలన్నీ హిందీలోనే. ఆదివారాలు టీ కొట్టు దగ్గర చేరి పుస్తకాలు మార్చుకుంటారు, పోట్లాడుకుంటారు. వీరుణ్ణి చంపి మళ్ళీ బతికించే కంపెనీలకి సిగ్గు లేదని ఒకడంటాడు. ఇద్దరు స్నేహితులు ఇంట్లో కూర్చుని గీసి సొంతంగా అచ్చేసుకునే చిన్న కామిక్సే అసలైనవని ఇంకొకడంటాడు. చివరికి అందరూ మణి వైపు తిరుగుతారు. వాడు రెండు రకాలూ చదువుతాడు. ఒకసారి ఆ నర్సు ఏదైనా మంచిది చెప్పమంటే, ప్రాణాలు కాపాడే వీరుడి కథ ఇవ్వలేదు. సైకిళ్ళు బాగుచేసుకునే ముసలాయన కథ ఇచ్చాడు, అందులో ఎవరికీ జబ్బు చేయదు. ఆ అమ్మాయి దాన్ని మూడుసార్లు చదివిందట. వాడి గొప్పతనం అదీ. నేను ఎగతాళి చేస్తాను గాని, ఆ విద్య వాడికి నిజంగా ఉంది.

లేనిది ఇంకొకటి. వాడికి తెలుగు చదవడం రాదు.

ఇక్కడ పుట్టిన మన పిల్లల్లో చాలామందికి రాదు, అదేం వింత కాదు. హిందీ మీడియంలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరం చూపిస్తే నవ్వేసి ఊరుకుంటారు. మణి మాత్రం నవ్వలేడు. ఒక పెళ్ళికి ముందు ఎవరో పెద్దాయన శుభలేఖ చేతికిచ్చి, ముహూర్తం ఎన్నింటికో చూడు బాబూ అంటే, వీడు చాలాసేపు దాని వంక చూసి నోటికొచ్చిన టైము చెప్పాడు. ఆయన భార్యాపిల్లలతో వచ్చేసరికి తాళి కట్టడం అయిపోయింది. అప్పటినుంచి తెలుగు కాగితం కనిపిస్తే వీడికి వేరే పనేదో గుర్తొస్తుంది. మేనల్లుడి పలక దగ్గర కూడా కూర్చోడు.

పోయిన ఏడాది గ్రూపులో ఎవరో కొత్త కామిక్ కబురు పెట్టారు. విశాఖపట్నంలో ప్రమోద అనే అమ్మాయి సొంతంగా గీసి అచ్చేసిన తెలుగు పుస్తకం, పేరు ‘గవరమ్మ తెప్ప’. నలుపూ తెలుపూ, మధ్యలో నీలం ఒక్కటే రంగు. చివరికి గవరమ్మ ఓడెక్కి అండమాన్ వస్తుందట. మన దీవుల మీద ఇండిపెండెంట్ కామిక్ అని గ్రూపంతా ఎగిరి గంతేసింది. చదివి చెప్పేదెవరు? గ్రూపులో ఉన్న మిగతా ఇద్దరు తెలుగు కుర్రాళ్ళూ, మాకు చదవడం రాదు భయ్యా అని అక్కడే రాసేశారు. వాళ్ళకి పోయిందేమీ లేదు. మణి మాత్రం, పుస్తకం తెప్పిస్తున్నాను, చదివి చెప్తాను అన్నాడు.

పార్సిల్ వచ్చింది. అక్షరాలన్నీ ప్రమోద చేత్తో రాసినవి, అదీ మన శ్రీకాకుళం యాసలో. ఫోనుతో ఫొటో తీసి హిందీలోకి మార్చమంటే, ఫోను ఏదో చెత్త చెప్పింది. గోడకి ఇవతల తెలుగు చదవడం వచ్చిన బావనొకణ్ణి నేనున్నాను. అడగలేదు. అడిగితే ఎక్కిరిస్తాననుకున్నాడు. ఎక్కిరించేవాణ్ణే, ఆ మాట ఒప్పుకోవాలి.

బొమ్మలు చూసి కథ అల్లుకున్నాడు. ఒక ఆడమనిషి గుమ్మంలో కూర్చుని వల కుడుతోంది. మొగుడు వేటకి పోయాడు. గాలివాన. ఖాళీ ఒడ్డు. మళ్ళీ అదే గుమ్మం, అదే వల, పేజీలకి పేజీలు. తర్వాత పెద్ద బొమ్మలో ఒక మగవాడు నీళ్ళోడుతూ వచ్చి వాకిట్లో నిలబడతాడు, ఆవిడ అన్నం వడ్డిస్తుంది. ఆఖరిన ఓడ మీద చంకలో పిల్లతో ఆవిడ ఒక్కతే. మొగుడేడీ అంటే, వాంతులై కింద పడుకున్నాడని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ రాత్రే గ్రూపులో పేద్ద పరిచయం పెట్టాడు. ఎదురుచూసిన ఆడదాని ప్రేమ సముద్రం నుంచి మొగుణ్ణి వెనక్కి తెచ్చిందని, ఏ వీరుడికీ లేని శక్తి అదని రాశాడు. గ్రూపు కరిగిపోయింది. పదిమంది పుస్తకానికి ఆర్డరు పెట్టారు, అక్షరం రానివాళ్ళు కూడా.

అంతటితో ఆగినా బాగుండేది. వాడికి అసిరమ్మ గుర్తొచ్చింది.

అసిరమ్మ చేపలమ్ముతుంది. రోజూ ఐసు కోసం మణి దగ్గరికే వస్తుంది, వీడు అత్తా అని పిలుస్తాడు. మొగుడు నూకయ్య సముద్రంలో పోయి చాలా ఏళ్ళయింది. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఈ కథ ఈవిడ కోసమే పుట్టిందనుకున్నాడు మణి. ఒకరోజు ఐసు దిమ్మలు ఇంకా గట్టిపడలేదని ఆవిణ్ణి కూర్చోబెట్టి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వేలితో అక్షరాల కింద గీస్తూ, చదువుతున్నట్టే మొత్తం కథ చెప్పాడు. మొగుడు తిరిగొచ్చిన పేజీ దగ్గర గొంతు వణికించాడు కూడా. అసిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడ్చిందని వీడనుకున్నాడు. ఐసు పొడి పడింది అని తర్వాత నాతో ఆవిడే చెప్పింది. కథయ్యాక, బాగుందిరా, ఐసు పొయ్యి అని లేచింది.

వారం తిరక్కుండా ప్రమోద నుంచి మెసేజి వచ్చింది. తెలుగులో, చాలా పొడుగ్గా. మిషను పక్కన నిలబడి ఫోను చేత చదివించుకున్నాడు. ఫోను ఏ భావమూ లేని గొంతుతో చదివింది. మణికుమార్ గారూ, మీ పరిచయాన్ని ఎవరో నాకు పంపించారు, ఇంత ప్రేమగా ఎవరూ రాయలేదు, కానీ నా పుస్తకంలో అతను తిరిగి రాడు కదండీ, మీరెందుకు వచ్చాడని రాశారో తెలుసుకోవాలనుంది.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఆ అమ్మాయి కోప్పడలేదు కూడా. వీడికి ఒళ్ళంతా చెమట పట్టిందట, ఐసు ఫ్యాక్టరీలో. గ్రూపు, నర్సు, ఆర్డర్లు పెట్టిన పదిమంది, టీ కొట్టు దగ్గర తన వైపు తిరిగే మొహాలు కళ్ళ ముందు కనిపించాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి జవాబు పంపాడు. ఇక్కడ అసిరమ్మ అని చేపలమ్మే ఆవిడ ఉంది, మొగుడు సముద్రంలో పోయాడు, ఇప్పటికీ ఎదురుచూస్తోంది, చదవడం రాదు, ఉన్నదున్నట్టు చదివితే తట్టుకోలేదు, అందుకని ఆమె కోసం ముగింపు మార్చి చదివాను, అదే గ్రూపులోనూ రాసేశాను, క్షమించండి.

ప్రమోద దాన్ని నమ్మింది. నమ్మి, కదిలిపోయి, నెట్‌లో తన పేజీలో ఇంగ్లీషులో అందరికీ చెప్పింది. నా కథలోని నిజాన్ని భరించలేని ఒక తల్లి ఆ దీవుల్లో ఉంది, ఆమె పేరు అసిరమ్మ, ఆమె కోసం ఒక పాఠకుడు అతన్ని బతికించాడు. గ్రూపులో దండాల బొమ్మలు కురిశాయి. మణి భయ్యా దిల్‌వాలా అన్నారు. రెండు రోజులపాటు వీడు అన్నం సరిగా తినలేదు. మా ఆవిడ జ్వరమేమోనని నుదురు చూసింది. ఒక్కో పొగడ్తా చదివి సిగ్గుతో ఫోను బోర్లా పెట్టేవాడట, మళ్ళీ ఇంకొకటి వచ్చిందేమోనని తిప్పి చూసేవాడట. ఆ రెండోదే తనకి ఎక్కువ సిగ్గనిపించిందని నాతో చెప్పాడు.

అసిరమ్మ మనవరాలు చిట్టితల్లి కాలేజీలో చదువుతోంది. ఆ పిల్ల ఫోనులో ప్రమోద పెట్టింది చూసి నాయనమ్మకి అర్థం చెప్పింది.

మర్నాడు అసిరమ్మ థర్మాకోల్ పెట్టె కింద పెట్టి, ఐసు అడగలేదు. తర్వాత జరిగింది ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు, ఒకరి మాటకి ఒకరి మాట ఎక్కడా తేడా రాలేదు.

“ఆ పుస్తకం తియ్యి” అంది.

తీశాడు.

“సదువు. ఈసారి అందులో ఉన్నదే సదువు. తట్టుకోగల్నో లేదో నాను సూసుకుంతాను.”

మొదటి పేజీ తెరిచాడు. వేలు అక్షరాల కింద పెట్టాడు. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు ఐసు కోసం తొందర పెడుతున్నారు.

“అత్తా, ఇప్పుడు కాదు, శామ్‌కో, సాయంత్రం...”

“ఇప్పుడే.”

“నాకు తెలుగు చదవడం రాదత్తా.” అంత చిన్న గొంతుతో అన్నాడు, మిషను నడుస్తుంటే వినబడేది కాదు. ఆగి ఉంది, అందరికీ వినబడింది.

“నాకూ రాదు” అంది అసిరమ్మ. “ఎవులికాడైనా దాసినానా? రాపోతే రాదని సెప్పాల. నీ సిగ్గు కప్పుకోడానికి నా పేరే దొరికిందేట్రా? నాను ఏడుత్తున్నానని ఊరూ పేరూ తెలీనోళ్ళందరికీ సెప్పినావు. ఇప్పుడు ఆలందరూ నన్ను సూసి జాలి పడతన్నారంట.”

మణి తల ఎత్తలేదు. మాఫ్ చెయ్యత్తా అన్నాడు.

“మాఫీ నాకెందుకు? ఆ గీసినమ్మాయికి ఫోన్ కొట్టు. ముందు నా పేరు కడుగు, తరవాత మిగతాది.”

స్పీకరు పెట్టి ఫోను చేశాడు. వీడి గొంతు వినగానే ప్రమోద సంతోషంగా ఏదో మొదలుపెట్టింది. మణి అడ్డొచ్చి చెప్పేశాడు. తనకి చదవడం రాదని, బొమ్మలు చూసి అల్లానని, అసిరమ్మత్త ఏదీ అడగలేదని, ఎవరికోసమూ ఎదురుచూడటం లేదని, తన పరువు కోసం ఆమెని వాడుకున్నానని. పేజీలో పెట్టింది తీసేస్తానండీ అని ప్రమోద అంది. గ్రూపులో మాత్రం మీరే చెప్పండి అంది. ఆమెకి మళ్ళీ చేస్తానని పెట్టేసి, అక్కడే గ్రూపుకి హిందీలో వాయిస్ మెసేజి పెట్టాడు. రెండుసార్లు మధ్యలో చెరిపి మళ్ళీ మొదలుపెట్టాడు. అసిరమ్మ దగ్గరుండి మొత్తం వింది.

అప్పుడు మళ్ళీ ప్రమోదకి కలిపించి, ఫోను వైపు వంగి, “అమ్మా, నానే అసిరమ్మని” అంది. “నువ్వేటి రాసినావో ఓపాలి సదివి ఇనిపించు.”

ప్రమోద తన పుస్తకం తెచ్చుకుని ఒక్కో బొమ్మ కింద మాటా చదివింది. మణి ఆ పేజీలు తిప్పాడు. గుమ్మంలో గవరమ్మ కుడుతున్నది మొగుడి వల కాదు. వీధిలోవాళ్ళందరి చిరిగిన వలలూ ఇంటికి తెచ్చుకుని, బాగుచేసి, కూలికిచ్చిన బియ్యంతో పిల్లని పెంచింది. బొమ్మ బొమ్మకీ వల వేరు, కన్నాల కొలత వేరు. మణి అన్నీ ఒకటే వలనుకున్నాడు. నీళ్ళోడుతూ వచ్చిన మొగుడు ఒక రాత్రి కల. గవరమ్మ కలలో వాడికి అన్నం పెట్టి, ఇంక రాకు, నాకు పనుంది అంటుంది. తెల్లారి పిల్లని ఎత్తుకుని తెప్ప మీద పోయి ఓడెక్కుతుంది. ఓడ మీద ఆమె ఒక్కతే నిలబడటానికి కారణం ఎవరికో వాంతులు కావడం కాదు, పిల్ల తప్ప ఆమెతో ఎవరూ లేరు.

ప్రమోద చదవడం ఆపింది. ఐసుకి వచ్చిన ఆడవాళ్ళు ఎవరూ కదల్లేదు.

“బాగుంది తల్లీ, నిజంగా బాగుంది” అంది అసిరమ్మ. ఫోను మణికిచ్చేసి, పెట్టె మూత తీసింది. వాడు మిషను వేశాడు, దిమ్మ ఎత్తాడు. సగం ఐసు పెట్టె దాటి నేల మీద పడింది.

“ఒరే మణీ” అంది ఆవిడ, పడిన ఐసు కాలితో పక్కకి నెడుతూ. “నూకయ్యకి దినం పెట్టిన మర్నాడే గంప ఎత్తుకుని ఈ జెట్టీకి వొచ్చినాను. నువ్వు పుట్టినకాణ్ణించీ సూత్తన్నావు నన్ను. నువ్వు సెప్పిన కతలో ఆయమ్మ మొగుడి కోసం గుమ్మంలో కూకునే ఉంది. నాను ఏ రోజు కూకున్నానురా?”

మణికుమార్ పెట్టె నింపి ఆవిడ నెత్తికెత్తాడు. వెనకావిడ తన పెట్టె ముందుకి జరిపింది.