నాయన చొక్కా లేకుండా నిలబడిన పొద్దు

మా చిన్నప్పుడు పుంగనూరు పక్క చలి యెట్లుండేదంటే... తెల్లారి నోరు తెరిస్తే పొగ, బిందెలో నీళ్ళు ముట్టుకుంటే చేతివేళ్ళు కొంకర్లు పోయేవి. ఇప్పటోళ్ళకి చెప్తే నమ్మరు లెండి.

తొంభైల చివర్లో మాట. మా నాయన ఒక సారు తోటలో ఆవుల్ని చూసుకునేవాడు. మామూలు తోట కాదది... బడిపిల్లోళ్ళకి సేద్యం చూపించే తోట. చలికాలం వస్తే చాలు, బెంగుళూరు నుంచి బస్సులు దిగేవి. మా అమ్మ వాళ్ళ ముందర సంగటి కెలికేది. నానబెట్టిన అనపగింజలు పితికి చూపించేది. ఆ పిల్లోళ్ళు పితికితే పప్పు ఎగిరి ఎవరి మొగానో పడేది! పేడ తొక్కి ఏడ్చేవాళ్ళని చూసి నేను పడీ పడీ నవ్వేదాన్ని.

నాయన పని పాలు పిండి చూపించడం. బస్సు హారను వినబడంగానే స్వెట్టరు, చొక్కా విప్పేసి, వొట్టి పంచె, తలగుడ్డతో నిలబడల్ల. అది సారు పెట్టిన రూలు. "రైతంటే ఇట్లుండల్లప్పా, స్వెట్టరేసుకుంటే పిల్లోళ్ళు నమ్మరు" అనేవాడు. ఆయన మాత్రం మఫ్లరు, మంకీ క్యాపు... సరే, పోనీండి.

నాయన పట్టించుకునేవాడు కాదు. బెంగుళూరోళ్ళు ఎవురో, మనమెవురో అనేవాడు.

నేను ఆరో తరగతిలో ఉండంగా మా బడే ఆ తోటకి బయల్దేరింది. యూనిఫారమేసుకోని పుంగనూరులో బడికి పోయి, ఆడ బస్సెక్కి మళ్ళీ మా తోటకే రావల్ల నేను... చూడండి నా యోగం!

ముందురోజు నాయన తల గోక్కుంటా సారు దగ్గరికి పోయినాడు. "సార్, రేపు మా పాప బడి అయ్యవార్లు వస్తాండారు... చొక్కా ఉండనీండి."

సారు నవ్వేసినాడు. "చొక్కా లేని రైతుని చూసేదానికే గదప్పా వాళ్ళు వస్తాండేది!"

రోజూ పాలు పిండే ముందు నాయన మంట కాడ చేతులు కాంచుకునేవాడు. చల్లని చేతులు తగిలితే ఆవు ఊరుకోదు. ఆ పొద్దు మంట చుట్టూ మా అయ్యవార్లు, టీచరమ్మలు నిలబడుకోని ఉండారు. వాళ్ళ మధ్యలోకి వొట్టి ఒంటితో రాలేక, చేతులు చంకల్లో పెట్టుకోని దూరంగా ఉండిపోయినాడు. నా తట్టు చూడనే లేదు. "ఏమే, మీ నాయన గదా?" అని పక్క పిల్ల గిల్లింది. ఊ అన్నా. నేల చీలితే లోపలికి పోదామనిపించింది.

రెండు ధారలు పిండినాడో లేదో... ఆవు తన్నింది! చెంబు ఎగిరి పడింది, పాలన్నీ నేలపాలు. క్లాసంతా గొల్లున నవ్వినారు. "ఏమప్పా, ఇన్నేండ్ల అనుభవం ఇదేనా?" అన్నాడు సారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందుకు పోయి గట్టిగా అనేసినా. "మా నాయనకి సలేస్తాండాది సార్! మీరంతా మంట కాడ నిలబడుకోనుంటే ఆయన చేతులు కాంచుకోలా!"

నవ్వులు ఆగిపోయినాయి. ఒక టీచరమ్మ "అయ్యో పాపం" అనింది. అయ్యవార్లు గబగబా పక్కకి జరిగి, "రాప్పా, రా, కాంచుకో" అని పిలిచినారు. అంతమంది చూస్తాండంగా నాయన వచ్చి మంట ముందర చేతులు చాపినాడు. వంచిన మెడ ఎత్తలేదు. నేనేమో పెద్ద గెలిచినదాని మాదిరి నిలబడినా...

సాయంత్రం కొట్టంలో పేడ ఎత్తతా నాయన అన్నాడు. "యాల చెప్తివమ్మా? ఆవు తన్నిందంటే నవ్వుకోని పోతారు. నాకు సలేస్తాండాదంటే... పాపమంటారు గదమ్మా, నీ అయ్యవార్లు."

తిట్టినా బాగుండు. మెల్లగా అన్నాడు. ఇది రాస్తా ఉంటే గూడా నాకు సిగ్గుతో చెవులు కాలతాండాయి.

ఇప్పుడా తోట లేదు, ప్లాట్లేసేసినారు. ఆ చలీ లేదు. నాయన మదనపల్లెలో మా యింట్లోనే ఉండాడు, ఆవుల గురించి ఎన్ని కతలైనా చెప్తాడు... ఆ పొద్దు మాట మాత్రం ఇద్దరమూ ఎత్తం.

మేలు చేస్తాండామనుకోని, అమ్మనో నాయననో నలుగుర్లో తల వంచుకునేటట్టు చేసిన మాట మీ నోట్లోంచి గూడా ఎప్పుడైనా వచ్చిందా? వచ్చింటే కింద రాయండప్పా... నేనొక్కదాన్నే కాదని తెలుస్తుంది.